మిద్దెపై గది – ఒక పరిశీలన

మానవుని నిత్యావసరాలలో కూడు, గుడ్డల తరువాత స్థానం గూడుది. కుటుంబం పెరిగినంత సులభంగా ఇల్లు పెరగదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల పాతవీధులలో ఇరుప్రక్కలా ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నందున, ఇల్లు పెరుగవలెనంటే ఆకాశంవైపే పెరగాలి. అందుచేత మిద్దెపై నున్న పాత గదిని, సామానులు పడవేసే అటకను నివాసయోగ్యంగా మార్చుకొనుట నేడు ఇంటింటి సమస్య అయినది. దీనిని విద్యార్థుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ముందుగా మాటలను పరిశీలిద్దాం. మేడ, మిద్దె, అటక అనునవి మనకు చిరపరిచితాలు. ఉర్దూలో మేడగదిని ‘బాలాఖానా’ అంటారు. పారసీలో ‘బాలా’ అనగా పైన, ‘ఖానా’ అనగా ఇల్లు. మన మేస్త్రీల నోట నిత్యం వినిపించే గచ్చు, దర్వాజా పారసీ నుండి, బురుజు అరబ్బీ నుండి వచ్చినవే. ఇల్లు కట్టుకొనే చోట భాషలు తగవులాడుకొనలేదు. కలసి సున్నం కలిపినవి.

ఇందుకు రాతిసాక్ష్యం పెనుకొండలోని గగనమహల్. 1565లో రాక్షసతంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. కొండపాదాన ఉన్న ఈ రెండంతస్తుల రాజభవనం పేరులోనే సంస్కృత ‘గగనం’, అరబ్బీ ‘మహల్’ జతకట్టినవి. క్రింద కమానులు ఇస్లామీయ శైలివి. పైన శిఖరం దేవాలయ విమానాన్ని తలపిస్తుంది. అందులో సామాన్య గృహస్థునికి ఒక పాఠమున్నది: మందమైన గోడలు, కమానులు బరువును నేలకు చేర్చగలిగినందుననే పైఅంతస్తు నిలిచినది.

మన పాత మిద్దెల స్వభావం వేరు. రాతిగోడలపై దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన కట్టెలు లేక బండలు, వాటిపై అడుగు మందాన మట్టి, చివరకు చవుడు. చవుడులోని లవణాలు మట్టికణాలను విడదీసి సందులను పూడ్చుట వలన వాననీరు సులభంగా దిగదు. వానలకు ముందు చవుడు పరచే ఆచారానికి కారణమిదే. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమకు ఇది తగిన పద్ధతి. కాని వరుసగా కురిసే ముసురుకు మట్టి తడిసి బరువెక్కుతుంది.

ఇక లెక్క చూద్దాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల మిద్దెపై అడుగు మందాన మట్టి బరువు సుమారు 5 టన్నులు. అదే కొలతల గదిని తొమ్మిది అంగుళాల ఇటుకగోడలతో, అయిదంగుళాల కాంక్రీటు కప్పుతో పైన కడితే, తలుపు కిటికీలు పోగా మరి 15 టన్నులు చేరుతుంది. బురదమన్నుతో కట్టిన గోడలపై ఇంత భారం మోపుట ప్రాణాలతో చెలగాటం. 2021 నవంబరు వానలలో మన పొరుగున ఉన్న కదిరిలో భవనం కూలి పసిపిల్లలు సైతం మరణించిన విషాదం మరువరానిది.

కావున పాటించవలసిన నియమాలను క్రమంగా పేర్కొంటున్నాము.

మొదటిది బరువు. పైగోడ క్రిందిగోడపైనే రావాలి గాని దంతెల నడుమ రాకూడదు. పాతగోడలు బలహీనమైతే నేలనుండి ప్రత్యేక పునాదులతో స్తంభాలు లేపి, గదిని వాటిపై నిలపాలి. మామూలు ఇటుక బరువులో మూడవవంతు మాత్రమే ఉండే తేలిక దిమ్మెలు నేడు లభిస్తున్నవి. ఇంజనీరు పరీక్ష, పురపాలక సంఘం అనుమతి లేనిదే గడ్డపార పట్టరాదు.

రెండవది ఎత్తు. జాతీయ భవన నియమావళి ప్రకారం నివాసపు గది ఎత్తు 2.75 మీటర్లకు తగ్గరాదు. వంగి నడిచే అటక సామానులకే గాని మనుషులకు కాదు.

మూడవది వేడి. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండగా, ధర్మవరం అంతకంటే చాలా పల్లంలో ఉన్నది. అక్కడి వేసవి మరింత తీవ్రం. ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు నీడ, రేకుల కప్పయితే దాని క్రింద గాలి ఆడే ఖాళీ వదలి వెదురుతడికల లోకప్పు, పైన తెల్లని సున్నపుపూత అవసరం. ఈ సున్నపుపూత సామాన్యమైనదని తలపరాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్నే ప్రకటించినది.

నాలుగవది మెట్లు. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించరాదు, పాదం మోపే వెడల్పు 25కు తగ్గరాదు. నిచ్చెనతో చేరే గది వృద్ధులకు, బాలింతలకు ఉపయోగపడదు.

అయిదవది వృత్తి. ధర్మవరం నేతగాని గుంటమగ్గం నేలను విడువదు. దానిపై అమర్చే జకార్డు ఎత్తైన కప్పును కోరుతుంది. కావున మగ్గం ఇంట అటకను తక్కువ ఎత్తున దించితే కూడుపెట్టే పనికే అడ్డం. పట్టునూలును ఎండకు కాగే పైగదిలో నిలువచేసినా తేమ తగ్గి పోగు పెళుసెక్కుతుంది. అట్టి ఇండ్లలో పైగదిని పడకకో చదువుకో కేటాయించి, క్రిందిభాగాన్ని మగ్గానికే విడుచుట మేలు.

ఇంత విచారణ దేనికని కొందరడుగవచ్చు. ఒకే గదిలో వంట, కుట్టుమిషను, పసివాని ఏడుపు, అతిథుల సంభాషణ మధ్య పుస్తకం తెరిచే విద్యార్థులు మన కళాశాలలో ఎందరో కలరు. ఆడపిల్లల కష్టం మరీ ఎక్కువ. అన్నదమ్ములు బయట ఏ చెట్టుక్రిందనో చదువుకొనగలరు, వారికి ఆ వీలు లేదు. అట్టి ఇంట ఒక చిన్న మేడగది లభించుట ఒక జీవితం మలుపు తిరుగుటయే. కాని ఆ గది క్రింద నిద్రించే తల్లిదండ్రులకు అది ముప్పు కారాదు.

అందరికీ గది కట్టుకొనే స్తోమత ఉండదు. అంతవరకు సాయంకాలాలు కళాశాల తరగతి గదులలో కొన్నింటిని పఠన మందిరాలుగా తెరచి ఉంచి, విద్యార్థినులకు ప్రత్యేక వసతి కల్పించవలసినదిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము. విద్యార్థులారా! మీరు మీ ఇంటి మిద్దెను ఈ సెలవులలో ఒకసారి పరీక్షించండి: దూలం వంగినదా, గోడ చీలినదా, నీరు పోయే తూము పూడినదా? పైకి ఎదగాలని కోరుట మంచిదే. ముందు క్రింది గోడ క్షేమం విచారించుట అంతకంటే మంచిది.