పల్లవికి తిరిగి రావడం: స్టాఫ్ నొటేషన్‌లో గీతలు, చుక్కలు

మన పిల్లల్లో చాలామంది స్టాఫ్ నొటేషన్ చూసి చక్కగా వాయిస్తారు గాని తెలుగు చదవలేరు. వారి కోసం కీర్తనలు నొటేషన్‌లో రాసేవారికి ఈ పాఠం. పోయిన క్రిస్మస్‌కు నేను రాసిచ్చిన కాగితంలో ఒక గీత లోపించింది. క్వయర్ చరణం మొదటి వరుసనే మళ్లీ పాడుతుంటే, కీబోర్డు బాబు పల్లవికి వెళ్లిపోయాడు. తప్పు నాదే.

మన కీర్తనల పుస్తకంలో చరణం చివర నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఉంటుంది కదా, స్టాఫ్ మీద ఆ పని చుక్కల గీత చేస్తుంది. పల్లవి రెండుసార్లు పాడాలంటే దాని చివర రెండు చుక్కలు, సన్న గీత, లావు గీత వేయండి. పాట మొదటికే తిరిగి వెళ్లేటట్టయితే ఆరంభపు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. మధ్యలో ఒక వరుసను తిప్పి పాడాలంటే మాత్రం ఆ వరుస ముందు లావు గీత, సన్న గీత, చుక్కలు ఉండి తీరాలి. నేను మరిచింది ఇదే.

రెండుసార్లకూ ముగింపు వేరైతే పైన 1, 2 అని బ్రాకెట్లు వేస్తాం. చుక్కల గీత 1 చివర వస్తుంది. 2 తరువాత చరణం ఉంటే అక్కడ రెండు సన్న గీతలు చాలు. సన్న గీత, లావు గీత వేస్తే పాట అయిపోయిందనుకుని చేతులు తీసేస్తారు. మ్యూజ్‌స్కోర్ వాడేవారు గమనించండి: బ్రాకెట్ ఒక్కటే పెడితే అది తిరిగి వాయించదు, గీతను కూడా మార్చాలి.

చరణం చివర డి.సి. అల్ ఫీనే అని రాస్తే, తిరిగి వచ్చినప్పుడు పల్లవిని ఒక్కసారే, నేరుగా 2వ ముగింపుతో వాయించడం వాడుక. మీ సంఘం అప్పుడూ రెండుసార్లు పాడుతుందా? ఆ మాట కాగితం మీద రాసేయండి.

ఎక్కువమంది పొరబడేది ఎత్తుగడ దగ్గర. నాలుగు దెబ్బల పాటను ఒక దెబ్బ ముందే అందుకుంటే, తిరిగి వెళ్లే ముందు గడిలో మూడు దెబ్బలే ఉండాలి. నాలుగూ రాస్తే తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువై చప్పట్లు తప్పుతాయి. మరో దారి కూడా ఉంది: ఆరంభపు చుక్కల గీతను ఎత్తుగడ తరువాత వేసి, ఎత్తుగడను 1వ ముగింపు చివర మళ్లీ రాయడం. గడులు నిండుగా ఉంటాయి గనుక నాకు ఇదే నచ్చుతుంది.

రాసిన కాగితాన్ని ఆదివారానికి ముందే, ఆ పాట అసలు తెలియని పిల్లవాడి చేత ఒకసారి వాయించి చూడండి.