పాత కంప్యూటర్‌కి విండోసా, లినక్సా?

ప్రశ్న: మాది అవనిగడ్డ. ఇంట్లో ఐదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10 బదులు లినక్స్ వేసుకోమంటున్నారు. అను సాఫ్ట్‌వేర్‌లో పెళ్లి కార్డులు టైప్ చేస్తుంటాను. ఏం చేయమంటారు?

జవాబు: అను మీద నాలుగు డబ్బులు వస్తున్నాయి కాబట్టి విండోస్‌ని తుడిచేయకండి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. అనుగానీ, దాంతో వాడే పేజ్‌మేకర్‌గానీ లినక్స్‌లో నమ్మకంగా నడవవు.

అలాగని విండోస్ 10 మీదే బ్యాంకు పనులు చేయడం ప్రమాదం. దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, మీ ఐదో తరానికి అది కుదరదు. దొడ్డిదారిన ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి, అప్‌డేట్లకు హామీ ఉండదు.

రెండూ ఉంచుకోండి. గుడివాడో బందరో వెళ్లినప్పుడు చిన్న ఎస్ఎస్‌డీ తెచ్చి, దానిలో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయించండి. బ్యాంకు, కరెంటు బిల్లు, పిల్లల చదువు అందులో. పాత హార్డ్‌డిస్కులోని విండోస్‌ని కార్డులకే వాడండి, నెట్ తీసేసి. వేయించే ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, మీ ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో చూడండి. చాలామంది తొందరపడేది ఇక్కడే.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మింట్‌లోనే ఉంటుంది. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. కొత్త కార్డు ఒకటి వాటితో లిబ్రెఆఫీస్‌లో చేసి చూడండి.