వీలునామా: ముందు న్యాయం, ఆపైన దానం



నవంబరు నెల వచ్చిందంటే మనమంతా సమాధుల వద్దకు వెళతాం. సమాధులకు సున్నం వేయిస్తాం, పూలు పెడతాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం, గతించిన పెద్దల ఆత్మశాంతి కొరకు దివ్యబలిపూజ చెప్పించుకుంటాం. ఇది మన విశ్వాసానికి తగిన పనే. కాని ఆ సమాధి చుట్టూ నిలబడిన అన్నదమ్ములలో ఒకరితో ఒకరు మాట్లాడుకోనివారు ప్రతి విచారణలోనూ ఉన్నారు. కారణం అడిగితే తరచు వినిపించే జవాబు ఒకటే: “నాన్నగారు ఏమీ రాయకుండా పోయారు ఫాదర్.” కొన్నిచోట్ల “రాశారు గాని అది చెల్లదంటున్నారు” అనే మాట వినిపిస్తుంది. అందుచేత ఈ వారం వీలునామాను గురించి, దాని ద్వారా చేసే దానధర్మాన్ని గురించి కొంత తెలుసుకుందాం.

వీలునామా రాస్తే చావును పిలిచినట్టేనని మన పెద్దలలో ఒక భయం ఉంది. ఇది క్రైస్తవ ఆలోచన కాదు. మనకున్న పొలం, ఇల్లు, బంగారం దేవుడు మన చేతికి అప్పగించినవి. గృహనిర్వాహకుడు లెక్క అప్పజెప్పక తప్పదు గదా! వీలునామా ఆ లెక్కలో చివరి పుట.

రాయకపోతే ఏమవుతుంది?

క్రైస్తవుల వారసత్వానికి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రైతు తొమ్మిది ఎకరాల భూమి ఉంచి, వీలునామా లేకుండా మరణించాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. చట్టం ప్రకారం భార్యకు మూడవ వంతు, అంటే మూడెకరాలు. మిగిలిన ఆరెకరాలు ముగ్గురు బిడ్డలకు సమానంగా, తలకు రెండెకరాలు. కొడుకు వాటా, కూతురి వాటా ఒకటే. భర్త బ్రతికి ఉండి భార్య మరణించినా ఇదే లెక్క. బిడ్డలు లేక ఇతర రక్తసంబంధీకులు ఉంటే భార్యకు సగం వస్తుంది.

“అమ్మాయి పెళ్లికి ఇచ్చేశాం, ఇంక వాటా ఏమిటి?” అని అనేవారున్నారు. తండ్రి తన జీవితకాలంలో ఏ బిడ్డకు ఏమిచ్చినా, వాటాలు పంచేటప్పుడు దానిని లెక్కలోకి తీసుకోరాదని అదే చట్టంలోని 49వ సెక్షను చెబుతున్నది. కట్నం మాట చెప్పనక్కరలేదు. అది 1961 నుండి నేరం. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతంలో క్రైస్తవ కూతుళ్లకు తక్కువ వాటా ఇచ్చే పాత చట్టం ఉండేది. మేరీ రాయ్ అనే క్రైస్తవ మహిళ సుప్రీంకోర్టుకు వెళ్లగా, అక్కడ కూడా 1925 చట్టమే వర్తిస్తుందని 1986లో తీర్పు వచ్చింది. సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో సెలోఫెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి తండ్రి భూమిలో భాగం అడిగారు. వారి మాట న్యాయమైనదని దేవుడే తీర్పిచ్చాడు. ఆ తీర్పు మన ఇళ్లలోకి రావడానికి ఇంకా ఆలస్యం దేనికి?

ఇక్కడ మరొక విషయం చాలామందికి తెలియదు. పై ఉదాహరణలో ఆ రైతుకు ముసలితల్లి ఉన్నదనుకోండి. వీలునామా లేకపోతే ఆమెకు ఈ చట్టం కింద వాటా ఏమీ రాదు. మరణించినవానికి బిడ్డలున్నప్పుడు తల్లిదండ్రులకు భాగం లేదు. కొడుకు నీడలో బ్రతుకుతున్న తల్లికి ఆధారం కావాలంటే కొడుకు రాసి ఉంచాలి.

రాసేటప్పుడు గమనించవలసినవి

1. మేజరై, స్థిరమైన బుద్ధి కలిగిన ఎవరైనా వీలునామా రాయవచ్చు. స్టాంపు కాగితం అవసరం లేదు, తెల్ల కాగితం చాలు. తెలుగులోనే రాయవచ్చు.

2. రాసినవారు సంతకమో వేలిముద్రో వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు దానిని చూసి గాని, “ఇది నా సంతకమే” అని వారి నోట విని గాని, వారి సమక్షంలోనే సంతకాలు చేయాలి.

3. ఆస్తి పొందేవారు సాక్షి సంతకం చేయకూడదు. వారి భార్యగాని భర్తగాని చేయకూడదు. పెద్దకోడలు సాక్షిగా సంతకం చేస్తే వీలునామా నిలుస్తుంది గాని, అందులో పెద్దకొడుకుకు రాసినది చెల్లకుండా పోతుంది. ఇది 67వ సెక్షను. దేవాలయానికి ఏదైనా రాస్తున్నప్పుడు విచారణ గురువును సాక్షిగా పిలవకండి. చట్టం మాట అటుంచినా, చూసేవారికి అది బాగుండదు.

4. బ్రతికి ఉన్నంతకాలం వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివరిదే చెల్లుతుంది. అయితే రాసిన తరువాత వివాహం జరిగితే ఆ వీలునామా దానంతటదే రద్దవుతుంది. భార్య గతించి రెండవ వివాహం చేసుకున్నవారు ఇది మరువరాదు.

5. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాని చేయించడం మంచిది. మూసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచే వీలు కూడా ఉంది.

6. సర్వే నంబరు, సరిహద్దులు, విస్తీర్ణం స్పష్టంగా రాయాలి. అమలు జరిపే బాధ్యత ఎవరిదో పేరు రాయాలి. ఇల్లు అద్దెకిచ్చి ఉంటే, ఆ కాగితం వీలునామాతో కలిపి ఉంచాలి. యజమాని మరణంతో అద్దె ఒప్పందం ముగియదు. అద్దె ఎవరికి చేరాలన్నదే మారుతుంది. “నా భార్య బ్రతికినంతకాలం ఇంట్లో ఉండి అద్దె అనుభవించాలి, ఆ తరువాత ఇల్లు ఫలానావారికి చెందాలి” అని రాసుకోవచ్చు.

క్రైస్తవుల వీలునామాకు ప్రొబేట్ తీసుకోవాలన్న నిర్బంధాన్ని 2002 నాటి సవరణ తొలగించింది. కాబట్టి కోర్టు ఖర్చులకు భయపడి వెనుకాడనక్కరలేదు.

దానానికి ఉన్న అడ్డు తొలగింది

ఇక దానధర్మం సంగతి. 1925 చట్టంలో 118వ సెక్షను ఒకటి ఉండేది. అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెళ్ల బిడ్డలు, లేదా అంతకంటే దగ్గరి బంధువులు ఉన్నవారు మతసంబంధమైన పనులకు గాని, ధర్మకార్యాలకు గాని ఆస్తి రాయాలంటే, మరణానికి కనీసం 12 నెలల ముందే రాసి ఉండాలి. రాసిన ఆరు నెలలలోగా దానిని చట్టం చూపిన చోట భద్రపరచాలి. లేకపోతే ఆ దానం చెల్లదు. బిడ్డలు లేని ఒక మేనత్త తన ఇంటిని అనాథల కోసం రాసి పది నెలలకే కన్నుమూస్తే, ఆమె కోరిక ఆమెతోనే సమాధి అయ్యేది.

ఈ నిబంధన మన దేశంలో పుట్టినది కాదు. మరణశయ్యపై ఉన్నవారిని భయపెట్టి భూములు రాయించుకుంటారన్న అనుమానంతో ఇంగ్లండులో 1736లో ఇటువంటి చట్టమే చేశారు. అది 1865 చట్టం ద్వారా ఇక్కడికి వచ్చి, 1925 చట్టంలోనూ నిలిచింది. ఇంగ్లండు తన చట్టాన్ని 1960లో రద్దు చేసుకున్నది. మన క్రైస్తవులపై మాత్రం ఇది మిగిలిపోయింది. కేరళకు చెందిన కతోలిక గురువు ఫాదర్ జాన్ వల్లమట్టం దీనిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఇది సమానత్వాన్ని చెప్పే రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని 2003 జూలై 21న కోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. ఎవరైనా ఇంకా 12 నెలల మాట చెబితే, ఈ తీర్పును గుర్తు చేయండి.

స్వేచ్ఛ వచ్చింది, బాధ్యత పెరిగింది

ఇప్పుడు ఒక క్రైస్తవుడు తన ఆస్తి అంతటినీ తనకు ఇష్టమైనవారికి రాయవచ్చు. భార్యాబిడ్డలకు ఇంత తప్పక ఇవ్వాలన్న నియమం మన వారసత్వ చట్టంలో లేదు. పిత్రార్జితమైనా స్వార్జితమైనా వీలునామా విషయంలో మనకు తేడా లేదు. చట్టం కాపలా తీసివేసిన చోట మనస్సాక్షి కాపలా ఉండాలి. నేను ఈ వారం ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసుప్రభువు పరిసయ్యులను గద్దించిన సంగతి మీకు తెలుసు. తల్లిదండ్రులకు దక్కవలసిన దానిని “ఇది దేవునికి అర్పితం” అని చెప్పి తప్పించుకునే ఆచారం అప్పుడుండేది. దానికి కొర్బాను అని పేరు. దేవుని పేరు అడ్డం పెట్టుకుని దేవుని ఆజ్ఞను మీరడం అది. ముసలితల్లిని, విధవరాలిని, పెళ్లికాని చెల్లెలిని, మతిస్థిమితం లేని బిడ్డను గాలికి వదలి దేవాలయానికి గంట చేయించినా అది కొర్బానే అవుతుంది.

ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలన్న స్థిరమైన సంకల్పమే న్యాయమని పునీత తోమాస్ అక్వినాసుగారు బోధించారు. తనకు, తనను నమ్ముకున్నవారికి అవసరమైనది పోగా మిగిలిన దానిలో నుండి దానం చేయాలని కూడా వారే చెప్పారు. 1891లో పరిశుద్ధ పోపు 13వ లియోగారు కార్మికుల గురించి రాసిన విశ్వలేఖలో ఇదే క్రమాన్ని చూపించారు. అంటే మన వీలునామాలో వరుస ఇది: మొదట అప్పులు, పనివారికి బాకీ ఉన్న కూలి. తరువాత మన మీద ఆధారపడినవారు. ఆ తరువాత పేదలు, శ్రీసభ. ఈ మూడవ స్థానాన్ని చిన్నచూపు చూడకండి. మిగులు ఉన్నవారికి దానం చేయడం కూడా బాధ్యతే. పిల్లలంతా స్థిరపడి, పట్టణంలో రెండిళ్లు ఉన్నవారి వీలునామాలో పేదవాని పేరు ఒక్కచోట కూడా కనబడకపోతే, ప్రభువు ఎదుట ఏమి జవాబు చెబుతాం?

శ్రీసభకు ఇచ్చేటప్పుడు

“గుడికి”, “ఫాదర్‌గారికి” అని రాయకండి. గురువు పేరున రాస్తే చట్టం దృష్టిలో అది ఆయన సొంత ఆస్తి అవుతుంది; ఆయన తరువాత ఆయన బంధువులు హక్కు అడగవచ్చు. మేత్రాసనం యొక్క రిజిస్టరైన సంస్థ పేరేమిటో మేత్రాసన కార్యాలయంలో అడిగి, అక్షరం తప్పకుండా రాయండి. ఏ ఉద్దేశంతో ఇస్తున్నారో కూడా రాయండి: పేదపిల్లల చదువుకా, రోగుల సేవకా, దేవాలయ మరమ్మతుకా? ఒక ఉద్దేశం కొరకు ఇచ్చిన దానిని ఆ ఉద్దేశానికే వాడాలని 1983 నాటి కానన్ చట్టం, 1267వ నియమం ఆదేశిస్తున్నది. విశ్వాసుల వీలునామాలను మిక్కిలి జాగ్రత్తగా నెరవేర్చాలని 1300వ నియమం చెబుతున్నది. ఆ పనిని పర్యవేక్షించే హక్కు మేత్రాణులకు ఉంది. కాబట్టి లెక్క అడగడం తప్పు కాదు.

ప్రతి ఏటా పూజ చెప్పించాలన్న షరతుతో పొలం ఇవ్వదలచినవారు ముందుగా మేత్రాసనంతో మాట్లాడాలి. అటువంటి కానుకను మేత్రాణుల లిఖితపూర్వక అనుమతి లేకుండా విచారణ స్వీకరించడానికి లేదు.

సరైన పద్ధతిలో రాయకుండా, నోటిమాటగా తమ కోరిక చెప్పి మరణించేవారు కూడా ఉన్నారు. కోర్టులో అది నిలవకపోవచ్చు. కాని శ్రీసభ మేలు కొరకు చెప్పిన అటువంటి కోరికను నెరవేర్చవలసిన బాధ్యతను వారసులకు గుర్తు చేయాలని 1299వ నియమం చెబుతున్నది. తండ్రి కడసారి మాటను కాగితం లేదని తోసివేసే కొడుకు కోర్టులో గెలిచినా, పాపసంకీర్తనం దగ్గర ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

బ్రతికి ఉండగానే స్థిరాస్తి దానం చేయదలిస్తే రిజిస్టరైన దానపత్రం, ఇద్దరు సాక్షులు, తీసుకునేవారి అంగీకారం కావాలి. ఒకసారి ఇచ్చిన దానిని తిరిగి తీసుకోవడం సాధారణంగా కుదరదు. కాబట్టి ఉన్న ఒక్క ఇంటిని వృద్ధాప్యంలో తొందరపడి బిడ్డలకైనా, దేవాలయానికైనా ఇచ్చేయకండి. బిడ్డలకు రాసేటప్పుడు తమను పోషించాలన్న షరతును పత్రంలోనే చేర్చండి. ఆ షరతు మీరితే ఆ బదిలీని రద్దు చేయించుకునే అవకాశం 2007 నాటి వయోవృద్ధుల చట్టం, 23వ సెక్షను ఇస్తున్నది. ప్రభుత్వం పేదలకిచ్చిన డి పట్టా భూములను అమ్మడంపై, దానమివ్వడంపై 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. తరువాత సవరణలు కూడా వచ్చాయి. కాబట్టి ఆ భూముల విషయంలో వకీలును అడగకుండా ఏదీ రాయకండి.

ప్రియ విశ్వాసులారా, అవస్థాభ్యంగనం కొరకు గురువును పిలిచే వేళ, ఊపిరి ఆడని మనిషి వేలికి సిరా పూయడం చూడవలసి రాకూడదు. ఆ గడియ దేవునితో మాట్లాడుకోవడానికి. ఆస్తి మాటలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ముగించాలి. ఈ నెలలో ఒక సాయంకాలం కుటుంబ ప్రార్థన అయిన తరువాత భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద మూడు వరుసలు రాయండి: మనం ఎవరికి బాకీ ఉన్నాం? మన మీద ఆధారపడినవారెవరు? మన మిగులులో పేదల భాగమెంత? ఆ కాగితం తీసుకుని మంచి వకీలు దగ్గరకు వెళ్లండి. మీ సమాధి దగ్గర మీ బిడ్డలు పక్కపక్కన నిలబడి ప్రార్థించడానికి అది మీరు చేయగల పెద్ద సహాయం.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను దీవించుగాక!