చిన్న నియమము – స్థిరచిత్తము

ఉగాదినాడో, పుట్టినరోజుననో మనుష్యుడొక సంకల్పము చేసికొనును. రేపటినుండి నాలుగు గంటలకే నిద్ర లేవవలెను, గంటసేపు ధ్యానము చేయవలెను, కోపమును విడువవలెను, సద్గ్రంథము చదువవలెను. మొదటి వారము ఉత్సాహముతో గడచును. రెండవ వారమున ఇంటికి బంధువులు వత్తురు, లేదా పిల్లవానికి జ్వరము వచ్చును. ఒకనాడు నియమము తప్పును. మరునాడు "నిన్న పోయినది గదా, నేడు మాత్రమేల?" అను తలంపు కలుగును. నెల తిరుగక మునుపే సంకల్పము మరుగున పడును. ఇందు నష్టమైనది నియమమొక్కటియే కాదు. "ఇది నావంటివానికి సాధ్యము కాదు" అను నిస్పృహ హృదయమున నాటుకొనును. మొదటి నష్టముకంటె ఈ రెండవ నష్టమే పెద్దది. దీనికి కారణమేమి, నివారణోపాయమేమి అనునది విచారింపదగిన విషయము.

అభ్యాసమనగా నేమి?

భగవద్గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు ఇట్టి కష్టమునే భగవానునికి విన్నవించెను. మనస్సు మిక్కిలి చంచలమైనది, దానిని నిలుపుట గాలిని నిలుపుటవలె దుష్కరమని అతడు మొరపెట్టెను. శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. కష్టమేయని అంగీకరించి, అభ్యాసము, వైరాగ్యము అను రెండు ఉపాయములను చూపెను. యోగసూత్రములలో పతంజలి మహర్షియు ఈ రెండింటినే చెప్పి, అభ్యాసము దృఢపడుటకు మూడు లక్షణములను నిర్దేశించెను. అది చిరకాలము సాగవలెను, ఎడతెగక సాగవలెను, ఆదరముతో సాగవలెను.

ఈ మూడింటిలో "అధికముగా చేయవలెను" అనునది లేదు. సాధారణముగా మనుష్యుడు చేయు పొరపాటు ఇచ్చటనే యున్నది. అతడు పరిమాణమును పెంచును, కాలమును తగ్గించును. పది దినములు గంటచొప్పున కూర్చుండి పదునొకండవ దినమున మానివేయువానికంటె, ప్రతిదినము పది నిమిషములు కూర్చుండి సంవత్సరము గడపినవాడే అభ్యాసి.

మన పెద్దలు ఈ రహస్యమును బాగుగ నెరిగియుండిరి. సంధ్యావందనమును తీరిక దొరికినప్పుడు చేయుమనలేదు. పగలు, రాత్రి కలిసికొను సంధికాలములకు దానిని ముడివేసిరి. సాయంకాలమున తులసికోటవద్ద దీపము పెట్టు గృహిణి "నేడు పెట్టుదునా, మానుదునా?" అని తర్కింపదు. ప్రొద్దు క్రుంకగనే ఆమె చేయి ప్రమిదను వెదకును. నియమము ఒక వేళకును, ఒక తావునకును అంటుకొన్నప్పుడు మనస్సునకు దినదినము తనతో తాను పోరాడవలసిన పని తప్పును. ఆ పోరాటము లేకపోవుటయే శాంతికి మొదటి మెట్టు.

ఆధునిక శాస్త్రము

అమెరికా దేశపు మనశ్శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువరించిన మహాగ్రంథమున అలవాటును గూర్చి ఒక ప్రకరణము వ్రాసెను. క్రొత్త అలవాటు వేరూనువరకు ఒక్క మినహాయింపునైనను ఇయ్యరాదని ఆయన అభిప్రాయము. శ్రద్ధగా చుట్టుచున్న దారపు ఉండ చేజారి పడినచో, ఎన్నో చుట్లు ఒక్కసారిగా విడిపోవునని ఆయన పోలిక చెప్పెను.

తరువాతి కాలమున లండనులోని ఒక విశ్వవిద్యాలయమున 96 మందిపై ఈ విషయము పరిశీలింపబడెను. దాని ఫలితములు 2010లో ప్రకటితమైనవి. ఒక్కొక్కరు మధ్యాహ్న భోజనముతో ఒక పండు తినుట వంటి చిన్న పనిని ఎన్నుకొని, దినమున ఏదో ఒక నియత సందర్భమునకు జతచేసి, 12 వారములు ఆచరించిరి. ఆ పని ప్రయత్నము లేకయే జరుగు స్థితి వచ్చుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే చాలినవి. మరికొందరికి 254 దినముల వరకు పట్టునని అంచనా తేలినది. చిరకాలమని పతంజలి చెప్పుటలోని ఔచిత్యము దీనివలన మరింత స్పష్టమగుచున్నది. ఆ పరిశీలనలో తేలిన మరియొక విషయము నిస్పృహ చెందినవారికి ఔషధము వంటిది. ఒక్కనాడు తప్పినంతమాత్రమున అలవాటు ఏర్పడుటకు చెప్పదగిన భంగము కలుగలేదు.

అట్లయిన జేమ్స్ హెచ్చరిక వ్యర్థమా? కాదు. తప్పు జరుగుట వేరు, తప్పునకు అనుమతి నిచ్చుకొనుట వేరు. జ్వరము వచ్చి దీపము పెట్టలేకపోయిన గృహిణి మరునాడు మరల పెట్టును. "ఒకనాడు మానినను ఏమియు కాలేదు గదా" యని తలచువాడు మూడవనాడును మానును. జారిన దారపు ఉండను వెంటనే ఎత్తుకొన్నవాడు పోగొట్టుకొనునది కొలది చుట్లే.

ఆచరింపదగిన నాలుగు నియమములు

మొదటిది, ప్రాతఃకాల మౌనము. నిద్ర లేచిన వెంటనే వార్తలను, సెల్‌ఫోనును ముట్టక, ముఖము కడుగుకొని, ఒకేచోట పది నిమిషములు ఇష్టదైవమును స్మరించుచు కూర్చుండవలెను.

రెండవది, మితము. ఆహారమున, నిద్రయందు, పనియందు, విహారమునందు అతి పనికిరాదని, మితముగా నుండువానికే యోగము దుఃఖమును పోగొట్టునని గీత బోధించుచున్నది. వేళకు భోజనము, వేళకు నిద్ర అనునవి దేహమునకే కాక మనస్సునకును మందులు.

మూడవది, ఏకాగ్రకర్మ. చేతనున్న పనిని ముగించువరకు, దాని ఫలమును గూర్చిన చింతను ప్రక్కన పెట్టవలెను. పనివలన కలుగు అలసటకంటె, "ఏమగునో" యను తలంపువలన కలుగు అలసటయే తరచుగా అధికము.

నాలుగవది, రాత్రి విమర్శ. పరుండబోవుటకు మునుపు దినచర్యను ఒకమారు తలచుకొని, తప్పును తప్పుగా గుర్తించి, రేపటికి దిద్దుకొని, అంతటితో విడువవలెను.

ఈ నాలుగును ఒకేసారి మొదలుపెట్టరాదు. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ యౌవనమున 13 సద్గుణములను ఎన్నుకొని, వారమునకొక్కదానిపై దృష్టి నిలిపి, సంవత్సరమున నాలుగు ఆవృత్తులు జరుపునట్లు ఏర్పాటు చేసికొనెను. తప్పినప్పుడెల్ల చిన్న పుస్తకమున నల్లచుక్క పెట్టెడివాడు. ఆ చుక్కలు తాననుకొన్నదానికంటె ఎక్కువగా నుండుట చూచి ఆశ్చర్యపడెను. అన్నిటిలో క్రమము అను గుణమే తనకు మిక్కిలి కష్టమైనదని ఆత్మకథలో ఒప్పుకొనెను. పరిపూర్ణత తనకు లభింపలేదనియు, అయినను ఆ ప్రయత్నమువలననే తాను మేలైనవాడను, సుఖియైనవాడను అయితిననియు 79వ ఏట వ్రాసెను. చుక్కలున్న పుస్తకమును చింపివేసియుండినచో ఆ మాట వ్రాయగలిగెడివాడు కాడు.

అర్జునుని చివరి భయము

అభ్యాసమను ఉపాయము విన్న తరువాతకూడ అర్జునుని భయము తీరలేదు. శ్రద్ధ యుండియు మధ్యలో జారిపోయినవాని గతి యేమి? ఇటు లోకమునకును అటు యోగమునకును చెందక, చెదరిన మేఘమువలె నశించునా? ఈ ప్రశ్న అర్జునునిది మాత్రమే కాదు. రెండవ వారమున నియమము తప్పిన ప్రతి గృహస్థునిది. భగవానుడు "నాయనా" యని ప్రేమతో సంబోధించి, మేలు చేయువాడెవ్వడును దుర్గతి పొందడని అభయమిచ్చెను. అట్టివాడు చేసిన సాధన వృథా కాదు. ఎచ్చట ఆగెనో అచ్చటనుండియే మరల సాగును.

జన్మాంతరములకు వర్తించు ఈ అభయము నిన్నటికిని నేటికిని వర్తింపదా? నిన్న ఆసనము ఖాళీగా నున్నది. నేడు పశ్చాత్తాపముతో రెండింతలు కూర్చుండ పనిలేదు, సిగ్గుతో దూరముగా నుండనక్కరలేదు. ఆ వేళకు, ఆ చోటికి వచ్చి, ఆ పది నిమిషములు కూర్చుండిన చాలును. అభ్యాసము తిరిగి ఆరంభమైనట్లే.