ఏసీ గ్యాస్ ఎటు పోయింది?

హైదరాబాదులో మాదాపూర్ ఉంది. ఒకప్పుడు అక్కడ బండరాళ్లు, తుప్పలు ఉండేవి. 1998 నవంబరు 22న అక్కడ సైబర్ టవర్స్ అనే పెద్ద భవనం మొదలైంది. అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. తర్వాత హైటెక్ సిటీ పెరిగింది. గచ్చిబౌలి, కొండాపూర్ దాకా కంప్యూటర్ ఆఫీసులు వచ్చాయి.

ఆఫీసులు వచ్చాయి. వాటి వెంట క్యాబ్‌లు వచ్చాయి. ఎన్నో కుటుంబాలు క్యాబ్ మీదే బతుకుతున్నాయి. బండి నడిపేది చాలావరకు మగవాళ్లు. కొందరు ఆడవాళ్లు కూడా నడుపుతున్నారు. బండి ఎవరు నడిపినా ఇంటి లెక్క చూసేది ఎక్కువగా ఇల్లాలే. బండి కిస్తీ కట్టాలి. ఇంటి కిరాయి కట్టాలి. పిల్లల ఫీజు కట్టాలి.

ఎండాకాలంలో ఏసీ చల్లగా లేకపోతే బండి ఎక్కినవాళ్లు ఊరుకోరు. ఏసీ వేస్తే పెట్రోలు, డీజిలు ఎక్కువ కాలుతుంది. కంపెనీలు ఇచ్చే రేటు చాలడం లేదని 2024 ఏప్రిల్‌లో తెలంగాణలో క్యాబ్ డ్రైవర్ల యూనియన్ 'నో ఏసీ' ఉద్యమం చేసింది. అది రేటు కోసం జరిగిన పోరాటం. కానీ చేతిలో డబ్బు జారిపోయే దారి ఇంకొకటి ఉంది. అదే ఏసీ లీకు.

గ్యాస్ ఖర్చయిపోదు

వంటింట్లో గ్యాస్ మండుతుంది. మండి అయిపోతుంది. మళ్లీ సిలిండరు తెచ్చుకోవాలి. ఏసీ గ్యాస్ కూడా అలాగే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు.

ఏసీ గ్యాస్ మండదు, ఖర్చు కాదు. మూసిన గొట్టాల్లో తిరిగిన చోటే తిరుగుతుంది. మరి అది తగ్గిందంటే ఏమిటి అర్థం? ఎక్కడో ఒకచోట బయటికి పోతోందన్న మాట. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల నుంచి కొంచెం పోవచ్చు. కానీ ఒకే ఎండాకాలంలో రెండుసార్లు, మూడుసార్లు తగ్గితే అది లీకే. లీకు ఆపకుండా గ్యాస్ నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

చల్లదనం ఎలా వస్తుంది?

సూది వేసే ముందు నర్సమ్మ చేతికి స్పిరిటు రాస్తుంది. రాసినచోట చల్లగా ఉంటుంది. ఎందుకు? స్పిరిటు ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఏసీలో జరిగేది కూడా ఇదే.

ఏసీలో ముఖ్యమైన భాగాలు మూడు.

మొదటిది కంప్రెసర్. ఇది గ్యాస్‌ను గట్టిగా నొక్కుతుంది. సైకిల్ పంపు కొడితే పంపు అడుగు వేడెక్కుతుంది కదా! అలాగే నొక్కిన గ్యాస్ వేడెక్కుతుంది.

రెండోది కండెన్సర్. ఇది బండి ముందు భాగంలో జాలీలా ఉంటుంది. ఇక్కడ గాలి తగిలి గ్యాస్ వేడి పోతుంది. గ్యాస్ నీరులా మారుతుంది.

మూడోది కూలింగ్ కాయిల్. ఇది డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది. నీరులా మారిన గ్యాస్ సన్నని దారి గుండా ఇక్కడికి వస్తుంది. మళ్లీ ఆవిరవుతుంది. కాయిల్ చల్లబడుతుంది. ఫ్యాను ఆ చల్లదనాన్ని మన మీదికి తోస్తుంది.

ఆ గ్యాస్ తిరిగి కంప్రెసర్‌కు పోతుంది. గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా తిరుగుతుంది. ఆ నూనె కంప్రెసర్ అరిగిపోకుండా కాపాడుతుంది.

నీళ్లు కారితే భయం లేదు

ఏసీ వేసినప్పుడు బండి కింద నీళ్లు కారుతాయి. చూసి కొందరు కంగారు పడతారు. అవి గాలిలోని తేమ నీళ్లు. చల్లని చెంబు మీద చెమట పట్టినట్టే కాయిల్ మీద నీళ్లు పడతాయి. గొట్టం గుండా కిందికి కారిపోతాయి. ఇది లీకు కాదు. ఆ నీళ్లు బయటికి కారకుండా లోపల కాళ్ల దగ్గర పడితే గొట్టం పూడుకుపోయిందన్న మాట. దాన్ని శుభ్రం చేస్తే చాలు.

చల్లగా రాకపోతే ప్రతిసారీ గ్యాసే కారణం కాదు. ఫిల్టరులో దుమ్ము నిండవచ్చు. ముందు ఫ్యాను తిరగకపోవచ్చు. ఫ్యూజు పోవచ్చు. ముందు ఇవి చూడాలి. తర్వాత గ్యాస్ సంగతి చూడాలి.

లీకు ఎలా పట్టుకుంటారు?

గ్యాస్ కంటికి కనబడదు. కానీ ఆనవాళ్లు వదులుతుంది.

1. నూనె మరక. గ్యాస్ పోయినచోట నూనె కూడా కొంచెం బయటికి వస్తుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. గొట్టాల అతుకుల దగ్గర జిడ్డు మరక ఉంటే అనుమానించాలి.

2. సబ్బు నురుగు. వంట గ్యాస్ గొట్టానికి సబ్బు నీళ్లు రాసి చూస్తాం కదా! ఇక్కడా అంతే. లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి. మరీ సన్నని లీకు ఇలా దొరకదు.

3. రంగు. గొట్టాల్లోకి ఒక రకం రంగు ఎక్కిస్తారు. కొన్నాళ్లు బండి నడిపాక ప్రత్యేకమైన లైటు వేసి చూస్తారు. లీకు ఉన్నచోట రంగు మెరుస్తుంది.

4. కూత మిషను. చేతిలో పట్టుకునే చిన్న మిషను ఇది. గ్యాస్ పోయేచోట పెడితే కూత పెడుతుంది. కనబడని కూలింగ్ కాయిల్ లీకును పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది.

5. నైట్రోజన్. ఖాళీ గొట్టాల్లో నైట్రోజన్ నింపి ముల్లు చూస్తారు. కొంతసేపయ్యాక ముల్లు కిందికి జారితే లీకు ఉన్నట్టే.

ఎక్కువగా లీకయ్యేవి అతుకుల దగ్గరి రబ్బరు రింగులు, రాళ్లు తగిలే కండెన్సర్, గ్యాస్ నింపే మూతి, కంప్రెసర్ సీలు. కూలింగ్ కాయిల్ లీకయితే డ్యాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు. అప్పుడు కూలీ ఎక్కువ అవుతుంది.

మెకానిక్ దగ్గర

ఒక డ్రైవరు, ఆయన భార్య బండి తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లారు.

"గ్యాస్ నింపితే సరిపోతుంది" అన్నాడు మెకానిక్.

"అన్నా, ఉగాదికి నింపినవు. నెలన్నర కూడా కాలేదు. ఆ గ్యాస్ ఎటు పోయింది?" అని అడిగింది ఆమె.

"లీకయి ఉంటదక్కా."

"అయితే ముందు లీకు చూడు. తర్వాత నింపు."

"దానికి టైము పడతది. పైసలు కూడా కొంచెం ఎక్కువ అయితయి."

"కానీ. ఏమేం మార్చినవో బిల్లులో రాయి. నేను చదువుకుంట."

మెకానిక్ నురుగు రాసి చూశాడు. ఒక అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. రబ్బరు రింగు ఎండిపోయి పగిలింది.

మరమ్మతు ఎలా చేయాలి?

మొదట మిగిలిన గ్యాస్‌ను మిషనుతో సిలిండరులోకి లాగాలి. గాలిలోకి వదిలేయకూడదు. తర్వాత పాడైన రింగు మార్చాలి. కొత్త రింగుకు ఏసీ నూనె రాసి బిగించాలి. మళ్లీ నైట్రోజన్‌తో పరీక్ష చేయాలి. తర్వాత పంపు పెట్టి గొట్టాల్లోని గాలిని, తేమను పూర్తిగా లాగేయాలి. దీన్ని వాక్యూమ్ అంటారు. దీనికి అరగంట లేదా అంతకన్నా ఎక్కువ పడుతుంది. తొందరపడితే తేమ లోపలే ఉండి భాగాలను తినేస్తుంది.

చివరగా గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది సాధారణంగా బానెట్ కింద చీటీ మీద ఉంటుంది. చాలా కార్లలో 'ఆర్ 134ఎ' అనే గ్యాస్ ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో వేరే గ్యాస్ ఉంటుంది. చీటీ మీద ఉన్న గ్యాసే నింపాలి. తక్కువ నింపితే చల్లదనం రాదు. ఎక్కువ నింపితే కంప్రెసర్ పాడవుతుంది.

జాగ్రత్త!

ఏసీ అతుకులు ఇంట్లో విప్పకూడదు. ఎగిసివచ్చే గ్యాస్ తగిలితే చర్మం గడ్డకడుతుంది. కళ్లు పోవచ్చు. ఏసీలో వంట గ్యాస్ నింపనివ్వకూడదు. అది అంటుకుంటుంది. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడనివ్వకూడదు. ఆక్సిజన్, నూనె కలిస్తే పేలవచ్చు.

ఏసీ గ్యాస్ భూమిని కూడా వేడెక్కిస్తుంది. ఒక కిలో ఆర్ 134ఎ గాలిలో కలిస్తే వెయ్యి కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు కలిసినంత కీడు జరుగుతుంది. అందుకే ఇలాంటి గ్యాస్‌లను తగ్గించాలని 2016లో కిగాలీ నగరంలో దేశాలు ఒప్పుకున్నాయి. 2021లో భారతదేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. లీకు ఆపితే ఇంటికీ లాభం, లోకానికీ లాభం.

లెక్క చేయండి

గ్యాస్ నింపడానికి ఒకసారికి 2,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి మూడుసార్లు నింపితే 6,000 రూపాయలు. లీకు వెతికి, రింగు మార్చి, గ్యాస్ నింపడానికి 3,500 రూపాయలు అనుకుందాం. ఎంత మిగిలింది? మీ దగ్గరి మెకానిక్‌ను అడిగి అసలు ధరలు రాసుకోండి. మళ్లీ లెక్క వేయండి.

చీటీ మీద 450 గ్రాములు అని ఉంది. బండి నుంచి 300 గ్రాములే బయటికి వచ్చింది. ఎన్ని గ్రాములు లీకయింది?

జవాబులు చెప్పండి

1. వంట గ్యాస్‌కు, ఏసీ గ్యాస్‌కు తేడా ఏమిటి?
2. బండి కింద నీళ్లు కారితే అది లీకా?
3. లీకు పట్టుకునే పద్ధతులు మూడు చెప్పండి.
4. బిల్లులో ఏమేం రాయించుకోవాలి? మీ తోటివాళ్లతో మాట్లాడి రాయండి.