చర్మ వార్ధక్యానికి కార్నోసిన్: ఆధారాల మూల్యాంకనం

కార్నోసిన్ అనేది బీటా-అలనిన్, హిస్టిడిన్ అనే రెండు అమైనో ఆమ్లాలతో ఏర్పడిన చిన్న పెప్టైడ్. 1900లో రష్యన్ శాస్త్రవేత్త గులేవిచ్ మాంస సారంలో దీనిని గుర్తించారు. ఇది స్వేచ్ఛా రాడికల్స్‌ను అణచి, చక్కెరలు ప్రోటీన్లకు అతుక్కొనే గ్లైకేషన్ చర్యను తగ్గిస్తుందని ప్రయోగశాల పరీక్షలు తెలుపుతున్నాయి. అయితే అంతమాత్రాన ముడతలు తగ్గుతాయని చెప్పవచ్చునా? పైరు మందును పరీక్షించే కొలబద్దతోనే దీనినీ పరిశీలించవలసి ఉంటుంది.

కణ స్థాయి: 1994లో ఆస్ట్రేలియాలో మెక్‌ఫార్లాండ్, హాలిడే మానవ ఫైబ్రోబ్లాస్ట్ కణాలను 20 మిల్లీమోలార్ కార్నోసిన్‌లో పెంచగా వాటి జీవితకాలం పెరిగింది. ఇది కుండీ ప్రయోగం వంటిది. కార్నోసిన్ అణుభారం కేవలం 226 అయినప్పటికీ, అది నీటిలో కరిగే పదార్థం. కొవ్వుతో కూడిన చర్మపు పై పొరను సులభంగా దాటలేదు. కనుక కణాలకు అంత గాఢత అందుతుందని భావించరాదు.

జంతు స్థాయి: మానవ రక్తంలోని కార్నోసినేజ్ ఎంజైము ఈ పెప్టైడ్‌ను త్వరగా విడగొడుతుంది. ఎలుకల రక్తంలో ఆ ఎంజైము లేదు. అందుచేత ఎలుకలకు తినిపించి పొందిన ఫలితాలు మనుషులకు నేరుగా వర్తించవు.

మానవ స్థాయి: ఏ క్రీమైనా చర్మాన్ని తేమగా ఉంచి సన్నని ముడతలను తాత్కాలికంగా కనబడనీయదు. కాబట్టి కార్నోసిన్ లేని అదే క్రీమును కంట్రోల్‌గా వాడాలి. ఏ క్రీము ఎవరికి అందిందో ఫలితాన్ని కొలిచేవారికి తెలియకూడదు. వాడకానికి ముందు, తరువాత తీసిన ఛాయాచిత్రాలు కంట్రోల్‌కు ప్రత్యామ్నాయం కావు.

ఆస్ట్రేలియాలోని నంబూర్‌లో 55 ఏళ్లలోపు 903 మందిపై జరిగిన యాదృచ్ఛిక ప్రయోగం ఇందుకు మంచి నమూనా. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ప్రతిదినం సన్‌స్క్రీన్ వాడినవారిలో నాలుగున్నర ఏళ్ల తరువాత చర్మ వార్ధక్యం, ఇష్టానుసారం వాడినవారి కంటే 24 శాతం తక్కువగా నమోదైంది. అదే ప్రయోగంలో ఇచ్చిన బీటా-కెరోటిన్ కూడా యాంటీఆక్సిడెంటే. కాని మొత్తం మీద దాని ప్రభావం కనబడలేదు. రసాయన గుణం ఒకటి, చర్మంపై ఫలితం వేరొకటి అని ఇది స్పష్టం చేస్తున్నది.

ముగింపు: ప్రయోగశాలలో కార్నోసిన్‌కు ఆధారం ఉంది, ముడతలపై సన్‌స్క్రీన్‌కు ఉన్నంత బలమైన ఆధారం దానికి లేదు. ఎండలో పనిచేసే మహిళా రైతులు ఖరీదైన క్రీముల గురించి అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు తలగుడ్డ, పొడవు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్‌లను ముందుగా సూచించడం సముచితం. అమైనో ఆమ్లాల పేరుతో పైర్లపై పిచికారీకి అమ్మే ఉత్పత్తులకూ ఈ మూడు మెట్ల పరీక్షే వర్తిస్తుంది.