పొల్లు పోయిన కీబోర్డు, వెనక్కి వెళ్లిన గడియారం

దసరా సెలవులయ్యాక మన డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ముందు మొట్టమొదట కూర్చున్నది ఒక ఫస్టియర్ అమ్మాయి. ఈ గోడ పత్రిక కోసం అన్నమయ్య మీద వ్యాసం టైప్ చేస్తోంది. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "అక్కా, అక్షరాలు సరిగ్గా రావట్లేదు. ఫోన్ నుంచి నెట్ కలిపినా ఒక్క సైటూ తెరుచుకోవట్లేదు. పొద్దున సేవ్ చేసిన పేజీ కూడా కనబడట్లేదు" అంది. వెళ్లి చూస్తే తెర మీద "ననమయయ" అని ఉంది. "నువ్వే ఏదో నొక్కేసి ఉంటావ్" అన్నాను, అందరి ముందూ. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆ గదిలోకి రావడం మానేసింది.

ఆ తర్వాత మూడు రోజులు ఆ కంప్యూటర్‌తో నేనే కుస్తీ పట్టాను. ల్యాబ్ సార్‌ని అడిగి తెలుసుకున్నదీ, చేసి చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. ఆర్ట్స్ వాళ్లకి ఇదంతా ఎందుకు అనుకోకండి. టైప్ చేసేది మనమే కదా!

మొదట అడగాల్సిన ప్రశ్న

కంప్యూటర్‌ని ఒక మేడ అనుకోండి. కింది అంతస్తులో వస్తువులు ఉంటాయి: కీబోర్డు, మదర్‌బోర్డు, దాని మీదే ఉండే చిన్న గడియారం. మధ్య అంతస్తులో విండోస్. పై అంతస్తులో వర్డ్, బ్రౌజర్, ఫాంట్లు. మనకి కనబడేది పై అంతస్తు మాత్రమే. అందుకే ఏది చెడినా "ఫాంటు పోయింది", "వైరస్ వచ్చింది", "ఎవరో ఏదో నొక్కారు" అంటాం. లోపం ఏ అంతస్తులో ఉందో ముందు తేల్చుకోవాలి. అందుకు ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

కీబోర్డు సంగతి

విండోస్‌లో ఉండే మామూలు తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిది. ఇందులో ఇంగ్లీషు "డి" కీ నొక్కితే పొల్లు వస్తుంది, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే "అ" వస్తుంది. ఒత్తులన్నీ పొల్లు మీదే ఆధారపడతాయి. న, పొల్లు, న కొడితేనే "న్న" అవుతుంది. ఆ ఒక్క కీ పోతే "అమ్మ" కాస్తా "మమ" అవుతుంది, "అక్క" కాస్తా "కక" అవుతుంది. అన్నమయ్య ఎందుకు ననమయయ అయ్యాడో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

కానీ చెడింది తెలుగు ఫాంటా, కీనా? ఇలా చూశాను.

1. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకి మారి, "డాడీ" స్పెల్లింగ్ కొట్టాను. ఏ, వై రెండే వచ్చాయి. మూడు డీలూ రాలేదు.

2. మా ఇంట్లో నాన్నవైపు తెలుగు, అమ్మవైపు కన్నడ. అందుకని కన్నడ కీబోర్డు కూడా పెట్టి చూశాను. ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే, ఒక శబ్దానికి అన్ని భాషల్లోనూ దాదాపు ఒకే కీ. తెలుగు "క" ఎక్కడుందో కన్నడ "క" అక్కడే. కన్నడలో "అమ్మ" అని కొట్టినా "మమ" అనే వచ్చింది. మూడు భాషల ఫాంట్లూ ఒకేసారి చెడిపోవు కదా!

3. విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. అందులో డి మీద మౌస్‌తో నొక్కితే పొల్లు చక్కగా వచ్చింది. అంటే విండోస్ బాగానే ఉంది.

4. కీబోర్డు ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించాను. అక్కడా డి పని చేయలేదు. ఇక అనుమానం లేదు. తప్పు కింది అంతస్తులోనే.

మామూలు కీబోర్డులో కీ కింద చిన్న రబ్బరు గిన్నె, దాని కింద ప్లాస్టిక్ షీట్లు ఉంటాయి. కీ నొక్కితే షీట్ల మీది గీతలు ఒకదానికొకటి తాకి సంకేతం వెళుతుంది. ఒకే కీ పోతే దాని కింద ఏదో అడ్డుపడి ఉండొచ్చు. కొన్ని కీలు కలిసి ఒకేసారి పోతే షీటు మీది గీత తెగి ఉండొచ్చు. అప్పుడు కీబోర్డు మార్చడమే మేలు.

కీబోర్డు విడిగా ఉన్నప్పుడే డి మూతను మెల్లగా పైకి లేపాను. కింద పసుపు అంటిన ఒక బియ్యపు గింజ! సెలవులకి ముందు ఆయుధపూజ నాడు ఈ కంప్యూటర్‌కి బొట్టు పెట్టి అక్షింతలు వేసింది ఎవరో కాదు, నేనే.

గడియారం సంగతి

తెర మూలన తేదీ 2012 జనవరి 1 అని ఉంది. కంప్యూటర్ ఆపేసినా మదర్‌బోర్డు మీది గడియారం నడుస్తూనే ఉండాలి. అందులో ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యని వరసగా 15 సార్లు సగం చేస్తూ పోతే ఒకటి వస్తుంది. అదే ఒక సెకను. కరెంటు లేనప్పుడు దాన్ని నడిపేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. అది అయిపోతే గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది.

ఇక్కడా అంతస్తులు చూడాలి. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి (కొన్నిటిలో ఎఫ్2) బయోస్‌లోకి వెళ్లాను. అప్పటికి విండోస్ ఇంకా మొదలవదు. అక్కడా 2012 అనే ఉంది. తేదీ సరిచేసి, ఆ రాత్రి గోడ స్విచ్ ఆపకుండా వదిలేశాం. మర్నాడు తేదీ సరిగ్గా ఉంది. తర్వాతి రాత్రి స్విచ్ ఆపేశాం. మళ్లీ 2012! బ్యాటరీ పోయిందన్నమాట.

టైము తప్పిన ప్రతిసారీ బ్యాటరీ మార్చక్కర్లేదు. నిమిషాలు సరిగ్గా ఉండి గంటలే తేడాగా ఉంటే టైమ్ జోన్ చూడండి. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉండి సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు తేడా వస్తే అది ఆ రెండింటి మధ్య పేచీ. లినక్స్ మామూలుగా ఆ గడియారాన్ని గ్రీనిచ్ లెక్కలో చదువుతుంది, విండోస్ మన లెక్కలో చదువుతుంది.

సైట్లు తెరుచుకోకపోవడానికి కారణం కూడా ఇదే. ప్రతి సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ఒక ధ్రువపత్రం ఉంటుంది. 2012లో ఉన్న మన కంప్యూటర్‌కి ఇప్పటి పత్రం ఇంకా మొదలే కాలేదు. అందుకే నమ్మనంది.

మరి పోయిన పేజీ? ఎక్కడికీ పోలేదు. ఫైళ్లు కొత్తవి పైకి వచ్చేలా పేర్చి ఉన్నాయి. 2012 తేదీ పడటంతో అది జాబితాలో అట్టడుగున ఉంది. పొల్లులు లేవు కానీ, వ్యాసం మాత్రం భద్రం.

బ్యాటరీ మార్చేటప్పుడు ప్లగ్గు తప్పకుండా ఊడదీయండి. పాత బిళ్లలో ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసుకుని కొత్తదీ అలాగే పెట్టాలి. మొదటిసారైతే ల్యాబ్ సార్‌ని పక్కన ఉంచుకోండి. తర్వాత బయోస్‌లో తేదీ ఒకసారి సరిచేస్తే చాలు.

గింజ నేను వేసింది. బ్యాటరీ దానంతట అది అయిపోయింది. ఆ అమ్మాయి నొక్కింది వ్యాసానికి కావలసిన అక్షరాలే. నిన్న వాళ్ల క్లాసుకి వెళ్లి, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. "పర్లేదక్కా, ఫైలు దొరికిందా?" అని అడిగింది.

దొరికింది. పొల్లులన్నీ తనే కూర్చుని పెట్టుకుంది. పక్క షీటులో ఉన్న అన్నమయ్య వ్యాసం అదే. చదవండి.